మామగారి వీధికి పీచు సైలెన్సర్

ఒక్క మోటారు సైకిలు సైలెన్సర్‌తో సీమంతానికి వచ్చిన చుట్టాలందరినీ ఒకేసారి ఏడిపించవచ్చని మీకు తెలుసా? నాకు తెలుసు. ఏడిపించింది నేనే. అయితే ఆ సంగతిని మా మామగారు ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఆఖరికి రైల్లో ఎదురుసీటు వాళ్లకు కూడా తప్పుగా చెబుతున్నారు. ఆయన చెప్పే కథలో నేను మూర్ఖుణ్ణి. సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కాని ఆయన కథలో నేను ఓడిపోయిన మూర్ఖుణ్ణి. అక్కడే నా అభ్యంతరం. అందుకే అసలు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివి నవ్వుకోండి, ఫర్వాలేదు. ఎవరెవరు నవ్వారో మాత్రం నేను గుర్తుపెట్టుకుంటాను.

మాది ఉద్దానం. పలాసకు తూర్పున, సముద్రపు హోరు వంటింట్లోకి వినిపించేంత దూరంలో ఉంటుంది మా ఊరు. కొబ్బరి, జీడి, మధ్యమధ్య పనస. నా పేరు ఢిల్లేశ్వరరావు. ఢిల్లీతో నాకు గాని మా వంశానికి గాని ఏ సంబంధమూ లేదు. మా జిల్లాలో ఇలాంటి పేర్లు పెడతారు, అంతే. ఈ పేరు విని నవ్విన వాళ్ల జాబితా కూడా నా దగ్గర విడిగా ఉంది.

రెండువేల ఒకటో సంవత్సరంలో నాకొక పెద్ద బండి ఉండేది. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన బండి. వెనక రెండు పక్కలా తగిలించి తీసుకునే ఇనపపెట్టెలు, ముందు గాలికి అడ్డంగా అద్దం, రెండు దిండ్లంత సీటు. దాని మీద గోపాలపూర్ వెళ్లాను, పూరీ వెళ్లాను, అరకు ఘాటీ ఎక్కాను. ఇంజను బంగారం. లోపమల్లా సైలెన్సర్‌లోనే. మా ఊరి ఉప్పుగాలికి ఇనుము అప్పడంలా అయిపోతుంది. నా సైలెన్సర్‌కు చిల్లులు పడీ పడీ జల్లెడ అయింది. పొద్దున్నే బండి స్టార్టు చేస్తే, తోటలో ఎలుగుబంటిని తోలడానికి ఎవరో డబ్బాలు కొడుతున్నారనుకుని ఇరుగుపొరుగు కర్రలు పుచ్చుకుని బయటికి వచ్చేవారు. నన్ను చూసి, ఎలుగుబంటి కాదని తెలిసి, కొంచెం నిరాశగా లోపలికి వెళ్లేవారు.

అలాంటి బండి మీద, పెళ్లయిన కొత్తలో, మా ఆవిడ దమయంతిని ఎక్కించుకుని ఒరిస్సా సరిహద్దున ఇచ్ఛాపురంలో ఉన్న అత్తవారింటికి మొదటిసారి వెళ్లాను. వేళ మధ్యాహ్నం రెండు గంటలు. మా మామగారు పురుషోత్తం మాస్టారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు భోజనం తరువాత నిద్ర ఒక వ్రతం. వాళ్లది లోపలికి రావడానికి ఒకే మొగ ఉన్న ఇరుకు వీధి. రెండు పక్కలా గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఆ సందులోకి నా బండి ప్రవేశించేసరికి చప్పుడు నాలుగింతలయింది. కాకులు లేచిపోయాయి. ఎవరిదో ఆవు పలుపు తెంపుకుంది. ఎదురింటి అరుగు మీద ఆరబెట్టిన వడియాల మీద పెంకు పడింది. ఆ పెంకు అప్పటికే జారి ఉందని నా నమ్మకం.

మామగారు లుంగీ సవరించుకుంటూ బయటికి వచ్చారు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది.

"అల్లుడుగారూ, మీరొచ్చినందుకు సంతోషం. దీన్ని మాత్రం బస్టాండులో కట్టీసి రండి" అన్నారు.

"కట్టీడానికిదేం గేదేటి మావయ్యా?" అన్నాను.

"గేదైతే లోపలికి రానిద్దును."

వీధంతా నవ్వింది. నేను లెక్కపెట్టాను, పద్నాలుగు మంది. వాళ్లలో తెలుగులో నవ్వినవాళ్లు ఎందరో, ఒరియాలో నవ్వినవాళ్లు ఎందరో కూడా చెప్పగలను. అక్కడికక్కడే బండి తిప్పేశాను. కాఫీ కూడా తాగలేదు. దమయంతి కూడా పుట్టింట్లో కాలు పెట్టకుండానే, అమ్మ చేతి కాఫీ తాగకుండానే నాతో వెనక్కి రావలసి వచ్చింది. ఆ సంగతి ఆమె మరచిపోలేదు. మా ఇంట్లో జ్ఞాపకశక్తి నా ఒక్కడి సొత్తు కాదు.

ఆ రోజే నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఆ వీధిలోకి వెళితే నా బండి మీదే వెళతాను. లేకపోతే వెళ్లను. మామగారు కూడా ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆ బండి ఆ వీధిలోకి రాకూడదు. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. రెండు పండగలు, ఒక గృహప్రవేశం, ఒక పెద్దకర్మ మేం లేకుండానే జరిగిపోయాయి.

అప్పుడు మా మరదలి సీమంతం వచ్చింది. ఆదివారం పదకొండు గంటలకు ముహూర్తం. కబురు అందిన రోజు దమయంతి కొబ్బరి తురుముతూ తురుముతూ ఆగి, చేతిలో చిప్పతోనే నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏటండీ, మీ ఇద్దరి పంతం నా పుట్టింటి మీదేటి?"

"నాదేటి పంతం? మీ నాన్నది."

"ఆయన్నడిగితే మీదంతారు. నాకదంతా అక్కర్లేదు. మా సెల్లికి గాజులు తొడగాల. నాను ఎల్తాను. మీరు బండి మీద తీసుకెల్తే మీతో ఎల్తాను. లేదంటే రైలెక్కీసి ఒక్కదాన్నే ఎల్తాను. ఒక్కదాన్నే దిగితే ఆ వీధిలో ఏటనుకుంతారో మీరే సూసుకోండి."

ఆమె ఒంటరిగా దిగితే, ఆ పద్నాలుగు మందీ మళ్లీ నవ్వుతారు. ఈసారి నేను లెక్కపెట్టడానికి కూడా అక్కడ ఉండను. వెంటనే పక్కింటికి వెళ్లి ఫోన్ చేశాను.

"మావయ్యా, ఆదివారం బండి మీదే వొస్తన్నాను."

"సప్పుడు లేకండా వొస్తే రండి" అన్నారాయన, లెక్క చెప్పినంత నెమ్మదిగా. "నాను వీధి మొగలో నిలబడతాను. అక్కడ్నించి పెద్దరోడ్డు అరమైలు దాకా కనబడతాది. మీ బండి నాకు కనబడక ముందు వినబడకూడదు. కనబడ్డాక కూడా నా పక్కనున్నవోడితో నాను మామూలుగా మాట్లాడుకోగలగాల. అలగైతే మీ బండి లోపలికి. లేదంటే బైటే."

"మాట తప్పకూడదు."

"నాను లెక్కల మాస్టార్ని."

ఆదివారానికి మధ్యలో ఉన్నవి మూడు రోజులు. పలాసలో స్కూటర్ల సామాను తప్ప లేదు. పెద్ద బండ్ల సైలెన్సర్లు దొరికేది టెక్కలిలో ఒక్క కొట్లోనే. గురువారం పొద్దున్నే అక్కడ వాలాను. కొట్టాయన సన్నగా, పొడుగ్గా, తానే ఒక పైపులా ఉండేవాడు. మూడు సైలెన్సర్లు తీసి బల్ల మీద పరిచాడు. ఒక్కొక్కటే నా బండికి బిగించి, వినిపించి, విప్పాడు.

మొదటిది పొట్టిది, సోడాబుడ్డిలా ఉంది. దాన్ని బిగించి కిక్కు కొట్టగానే ఎదురు హోటల్లో గ్లాసులు గల్లుమన్నాయి. నిజం చెబుతున్నాను, అంత అందమైన చప్పుడు నేను నా జన్మలో వినలేదు. ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. అదే కొనేద్దామని చెయ్యి జేబులోకి వెళ్లింది. ఇంతలో మామగారి ముఖం కనిపించింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

రెండోది చివర చేపతోకలా చీలి ఉంది. దాని చప్పుడు పెళ్లిలో మేళగాడు డోలు చర్మం బిగించుకుంటున్నట్టు డుబుడుబుమంది. బాగానే ఉంది గాని, అరమైలు దూరం వినిపిస్తుంది.

మూడోది నా చెయ్యంత పొడవు. లోపల చిల్లుల గొట్టం, దాని చుట్టూ ఖాళీ, పైన ఇంకో గొట్టం. వెనక మూతకు మరలు ఉన్నాయి, విప్పుకోవచ్చు.

"దూరం ఎల్లే బండికి ఇదే సరైంది" అన్నాడు కొట్టాయన. "ఈ ఖాళీలోన గ్లాసువూలు కూరాల. అది సప్పుడంతా పీల్చీస్తాది. ఇంజను నడస్తందో లేదో సెయ్యెట్టి సూసుకోవాల."

"అయితే కూరీ."

"నా దగ్గర లేదు. బరంపురం నించి తెప్పించాల. పది రోజులు పడతాది."

"ఆదివారానికి కావాల గురూ!"

"అయితే ఉత్త గొట్టమే పట్టుకెల్లు. కూరకపోతే సప్పుడు తగ్గదు."

"ఆ గ్లాసువూలు ఎలగుంటాది?"

"పీసులాగుంటాది. అద్దం కరిగించి తీసిన పీసు."

"పీసేనా? అంతేనా?"

ఆయన నన్ను కిందనుంచి పైకి చూశాడు. "ఏ ఊరు మీది?"

"ఉద్దానం."

"అదీ సంగతి" అని పక్కనున్న మెకానిక్కు వైపు తిరిగాడు. "ఈ ఉద్దానం వోళ్లకి పీసంటే కొబ్బరిపీసొక్కటే తెల్సు."

మెకానిక్కు నవ్వాడు. చూడండి, ఇదీ జరిగింది. ఆ మనిషి ఆ మాట అనకపోతే నేను ఏమీ చేసి ఉండేవాణ్ణి కాదు. ఆ మూడోది కొనుక్కుని, ఉత్త గొట్టంతో వెళ్లి, మామూలుగా అవమానపడి తిరిగి వచ్చేవాణ్ణి. కాబట్టి ఆ తరువాత జరిగినదానిలో సగం బాధ్యత టెక్కలిది. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను.

ఆ మూడోదే ఉత్త గొట్టంగా కొని, పాతదాని చప్పుడుతోనే, కొత్తదాన్ని ఒడిలో పెట్టుకుని బండి మీద ఇంటికి చేరాను. దారంతా ఒకటే ఆలోచన. కొబ్బరిపీచుకు ఏం తక్కువ? మా పీచుతో పేనిన తాళ్లతో వలలు లాగుతారు. మా పీచుతో పరుపులు కుడతారు. పరుపులో పడుకుంటే చప్పుడవుతుందా? అవదు. అంటే పీచు చప్పుణ్ణి పీల్చుతుంది. ఇంతకంటే రుజువేం కావాలి? మామగారైనా ఈ లెక్కకు మార్కులు వేసి తీరాలి.

పెరట్లో కూర్చుని సైలెన్సర్ మూత విప్పి, పీచు విడదీసి, కర్రతో కూరడం మొదలుపెట్టాను. దమయంతి చూసింది.

"ఏటి సేత్తన్నారండీ?"

"గ్లాసువూలు."

"అది కొబ్బరిపీసు."

"రెండూ ఒకటే."

"మన పొయ్యి దేంతో రాజేత్తాం?"

"పీసుతో."

"ఎందికి పీసుతో రాజేత్తాం?"

ఈమె లెక్కల మాస్టారి కూతురు. ఒక్కొక్క మెట్టూ ఎక్కించి పైనుంచి తోస్తుంది. కాని నేను అప్పటికే ఆలోచించి ఉన్నాను. "తడిపి కూరతన్నాను. తడిసిన పీసు అంటుకోడం ఎక్కడైనా సూసినావా?"

"ఎండితే?"

"ఇచ్ఛాపురం దాకా ఎండదు."

"మీరలగనుకుంతన్నారా?"

"అనుకోడం ఏటి? తెల్సు."

ఆమె చేతులు కడుక్కుని, సూట్‌కేసులో తన పట్టుచీర పెట్టేసి, దారిలో కట్టుకోవడానికి పాతచీర ఒకటి విడిగా తీసింది. ఆ పని నన్ను అవమానించడానికే చేసిందని నాకు తరువాత తట్టింది.

ఇక్కడితో ఆగి ఉంటే కూడా సగం ప్రమాదం తప్పేది. కాని నాకు తుప్పు గుర్తొచ్చింది. కొత్త సైలెన్సర్. ఉప్పుగాలి. తడిపీచు. లోపల్నించీ బయట్నించీ తినేస్తుంది. ఇనుమైనా చెక్కైనా ఉప్పునీళ్లకు తట్టుకోవాలంటే మా తీరంలో ఒకటే మందు. జీడిపిక్కల తొక్కు నుంచి తీసిన నూనె. నల్లగా, చిక్కగా ఉంటుంది. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పడవలకు పురుగు పట్టకుండా అదే పూస్తారు. నేను సైకిలు తొక్కుకుంటూ తీరానికి వెళ్లాను. అక్కడ ఎర్రయ్య తన పడవను ఇసకలో బోర్లించి, గుడ్డ చుట్టిన కర్రతో ఆ నూనే పూస్తున్నాడు. ఆయన మా నాన్న ఈడువాడు.

"ఎర్రయ్యా, ఒక డబ్బాడు నూనె కావాల."

"దేనికి బాబూ?"

"సైలెన్సర్‌కి. బండి పొగగొట్టానికి."

ఎర్రయ్య కర్ర కింద పెట్టాడు. నా ముఖం వంక చాలాసేపు చూశాడు, మబ్బు పట్టిందా లేదా అని చూసే చూపుతో.

"బాబూ, మేం పడవకి రాత్తాం. నిజమే. మా పడవ పొయ్యెక్కదు గదా!"

అంత తేటతెల్లంగా, అంత మర్యాదగా ఇంకెవరైనా చెప్పగలరా? నా జీవితంలో నాకు అందిన సలహాలన్నిటిలోకీ అది గొప్పది. దానికి నేనిచ్చిన జవాబు నాకు ఇప్పటికీ మాటమాటా గుర్తుంది.

"నీకు తెల్దులే ఎర్రయ్యా."

పెద్దాయన నవ్వి, డబ్బా నింపి ఇచ్చాడు. నేను దాన్ని సైలెన్సర్ బయట రెండు పూతలు వేశాను. మిగిలింది పారబొయ్యడం ఇష్టంలేక లోపలి పీచు మీద వంచేశాను. మూత బిగించి బండికి తగిలించాను.

శనివారం సాయంత్రం ఊళ్లో పరీక్ష చేశాను. ఇంటి దగ్గర్నించి చెరుకు రసం బండి దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఏం చెప్పమంటారు! కడుపునిండా చేపలు తిన్న పిల్లి గురకపెట్టినట్టుంది. ఇరుగుపొరుగు ఒక్కరైనా కర్ర పట్టుకుని రాలేదు. దమయంతి కూడా గుమ్మంలో నోరు తెరిచి నిలబడింది. "నిజంగా సప్పుడు లేదండీ" అంది. పెళ్లయిన తరువాత ఆమె నన్ను మెచ్చుకున్నది మొత్తం మూడుసార్లు. అది రెండోసారి.

ఆదివారం తొమ్మిదింటికి బయల్దేరాం. సారె సామానంతా ఇనపపెట్టెల్లో. వెనక దమయంతి. బండి జోలపాడుతున్నట్టు సాగుతోంది. సుమ్మాదేవి దగ్గర రైలుగేటు పడి ఆగాం. పక్కన కొబ్బరికాయల గెలలు కట్టుకున్న సైకిలాయన నా బండి వెనక్కి వంగి చూశాడు.

"బాబూ, మీ బండిలోన ఇడ్లీలు ఎట్టినారేటి?"

తిరిగి చూస్తే సైలెన్సర్ చివర్నించి తెల్లటి ఆవిరి తెరలు తెరలుగా వస్తోంది.

"తడి" అన్నాను గంభీరంగా. "తడి ఉండాల."

"అది ఎల్లిపోతందండీ" అంది దమయంతి నా చెవిలో.

"ఎల్లనీ. లోపల బోల్డుంది."

మందస దాటాక ఆవిరి ఆగిపోయింది. చూశావా, అన్నాను. ఆవిరి ఆగిపోయిందంటే తడి అయిపోయిందని కాక, సమస్య తీరిపోయిందని నేను ఎలా అనుకున్నానో ఇప్పుడు అడగకండి. పదిహేను నిమిషాలకు ఒక వాసన మొదలైంది. పలాస వైపు వాళ్లెవరికైనా ఆ వాసన నిద్రలో కూడా తెలుస్తుంది. జీడిపిక్కలు కాలుస్తున్న వాసన.

"దగ్గిర్లో ఎక్కడో జీడిపిక్కలు కాలస్తన్నట్టున్నారు" అన్నాను.

"అవునండీ. మన కిందే."

జలంత్రకోట దగ్గర టీ తాగుదామని ఆగాం. టీకొట్టాయన నిప్పుల మీద కెటిల్ వదిలేసి మా మీదికి పరిగెత్తుకొచ్చాడు. "ఎల్లండి బాబూ, ఎల్లండి! నా పాలు ఇరిగిపోతాయి!" అప్పటికి పొగ గోధుమరంగులోకి మారింది. దమయంతి కళ్లు ఎర్రబడ్డాయి. కొంగు ముక్కుకు కట్టుకుంది.

"ఆపండి. నీళ్లు పోద్దాం."

"పదిన్నరవుతంది. ముహూర్తం పదకొండుకి. అయినా సప్పుడేటైనా వొస్తందా, సెప్పు?"

"సప్పుడు లేదు. పొగ..."

"మీ నాన్న షరతు సప్పుడు గురించి. పొగ గురించి కాదు."

ఎనిమిది నెలలుగా నా చెవులు ఒక్క దానికోసమే బతికాయి. ముక్కు, కళ్లు నాకు ఉన్నాయన్న సంగతే నేను మరచిపోయాను. కంచిలి దాటాక రోడ్డు వెడల్పు చేసే పనివాళ్లు గమేళాలు కింద పడేసి పక్కపొలంలోకి పరిగెత్తారు. వెనకొచ్చే లారీవాడు దూరం జరిగాడు. పీచు నిప్పురవ్వలై ఒక్కొక్కటే వెనక్కి ఎగురుతోంది. దమయంతి నా వీపు మీద గుద్దులు లెక్కపెడుతూ గుద్దుతోంది. నేను ముందుకు వంగి, ఇంజను మీద చెవి పెట్టి నడుపుతున్నాను. చప్పుడు లేదు. ఇప్పటికీ లేదు.

ఇచ్ఛాపురంలో మామగారి వీధికి తిరిగే పెద్దరోడ్డు మీదికి వచ్చేసరికి బండి ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. కాలిన పీచంతా కరుడుకట్టి గొట్టాన్ని మూసేసింది. ఇంజనుకు ఊపిరాడలేదు. అయితే రోడ్డు కొంచెం పల్లం. క్లచ్చు పట్టుకున్నాను. బండి తన బరువుతో తానే, ఒక్క మాటా మాట్లాడకుండా, దేవుడి రథంలా దొర్లుకుంటూ ముందుకు పోతోంది. వెనక తాటిచెట్టంత నల్లటి పొగ లేచింది.

వీధి మొగలో మామగారు నిలబడి ఉన్నారు. తెల్లచొక్కా, గంధం బొట్టు, చేతికి గడియారం. పక్కన ఎదురింటాయన. ఆయనతో మామూలుగా మాట్లాడుతున్నారు, షరతు ప్రకారం. ఇద్దరూ పొగ వైపు తిరిగారు.

"అదేటి, మిల్లు కాలిందా?"

"కాదు మాస్టారూ. మీ అల్లుడు."

అదే క్షణంలో సైలెన్సర్ చివర్నించి మంట నాలుక బయటికి పెట్టింది. ఎదురింటావిడ చేతిలో పళ్లెం విసిరేసి, "నియా లాగిఛి! నియా లాగిఛి!" అని ఒరియాలో కేకపెట్టింది. నిప్పంటుకుందని ఆ రోజు ఎవరికీ అనువాదం చెయ్యవలసిన అవసరం రాలేదు. దమయంతి బండి ఆగకముందే దూకేసి, సారె పెట్టెలు రెండూ లాక్కుని గోడవారకు పరిగెత్తింది. మొగుణ్ణి వదిలేసి పెట్టెలు పట్టుకుందని నేను తరువాత అడిగాను. "మీకు కాళ్లున్నాయి, పెట్టెలకి లేవు" అంది.

"నీళ్లు! నీళ్లు!" అన్నారంతా.

"ఎక్కడున్నాయి?"

"మాస్టారి పెరట్లో! బోరింగు అక్కడే!"

బిందెలతో మోసుకొచ్చేంత వ్యవధి లేదు. మంట పెట్రోలు ట్యాంకు వైపు చూస్తోంది. ఒక్క క్షణం వీధంతా మామగారి వంక చూసింది. నేను కూడా చూశాను. ఆయన మనసులో ఏ లెక్క నడిచిందో నాకు తెలియదు గాని, ఎనిమిది నెలలుగా నేను వినాలనుకున్న మాట ఆయన నోట్లోంచి వచ్చింది.

"తోయండి! లోపలికి తోయండి! బేగి తోయండి!"

ఎవరూ ముందుకు రాలేదు. మామగారే పంచె ఎగ్గట్టి, బండి వెనక చెయ్యి వేసి, ఆయనే తోశారు. ముందు హ్యాండిలు పట్టుకుని నేను, వెనక ఆయన. ఆ వీధిలోకి, ఆ పద్నాలుగు గుమ్మాల ముందునుంచి, నా బండి ఊరేగింపుగా వెళ్లింది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి వీల్లేకపోయింది, అందరూ ఏడుస్తున్నారు. జీడిపొగ సందులో చిక్కుకుని ఇళ్లలోకి దూరింది. పట్టుచీరల్లో ముత్తయిదువలు కొంగులు కళ్లకద్దుకుంటూ పెరటి గోడలు దాటారు. సన్నాయి వాయించేవాయన కీచుమని ఒక స్వరం వదిలి దగ్గడం మొదలుపెట్టాడు. మా మరదలిని అప్పటికే నాలుగిళ్లవతల ఇంటికి పంపేశారు. అక్కడ కిటికీలోంచి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది ఆ పిల్ల ఒక్కతే. ఆమెను నేను జాబితాలో వెయ్యలేదు. వట్టి మనిషి కాదు గదా అని.

పెరట్లో బోరింగు కొట్టి పది బిందెలు కుమ్మరిస్తే మంట ఆరింది. బండి బతికింది. సైలెన్సర్ మాత్రం కాల్చిన వంకాయలా ముడుచుకుపోయింది. ముహూర్తం దాటకుండా పక్కవీధిలో గాజులు తొడిగారు. ఆ రోజు ఫోటోల్లో అందరూ ఏడుస్తూనే ఉన్నారు. చూసినవాళ్లెవరైనా దాన్ని సీమంతం అనుకోరు. బండి వెనక చెయ్యి వేసిన మామగారికి అరచేతుల నిండా బొబ్బలు. అదే చేత్తో చెమట తుడుచుకున్నారేమో, సాయంత్రానికి ముఖం పనసకాయంత అయింది. కళ్లు సన్నటి గీతలయ్యాయి.

ఆ గీతల్లోంచే నన్ను చూస్తూ పడక్కుర్చీలో పడుకున్నారు. దమయంతి ఆయన ముఖానికి కొబ్బరినూనె రాస్తోంది. అప్పుడు మాట్లాడకపోవడం మర్యాద. నేను మాట్లాడాను.

"మావయ్యా, బండి కనబడక ముందు వినబడిందా?"

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

"లెక్కల మాస్టారు మీరు. ఉన్నదున్నట్టు సెప్పండి."

"వినబడలేదు" అన్నారు, పెదాలు కదిలినంత మేరకు.

"కనబడ్డాక పక్కాయనతో మామూలుగా మాట్లాడినారా?"

"మాటాడినాను. మిల్లు కాలిందా అన్నాను."

"బండి వీధిలోకి వొచ్చిందా?"

"వొచ్చింది."

"ఎవలు తెచ్చినారు?"

దమయంతి నూనె చేత్తోనే నా నోరు మూసింది. మామగారు మాత్రం న్యాయంగానే తీర్పు చెప్పారు.

"షరతు నెగ్గినారు అల్లుడుగారూ. ఇకమీదట ఆ బండి ఎప్పుడైనా రావొచ్చు, నాకు అభ్యంతరం లేదు. మీరే రావొద్దు."

చూశారా? నెగ్గినారు అన్నారు. నా భార్య సాక్షిగా, ఆయన నోటితో అన్నారు. మరి ఇన్నేళ్లుగా ఊరంతా తిరిగి ఏం చెబుతున్నారు? నేను ఓడిపోయానని! అందుకే ఇంత రాయవలసి వచ్చింది.

ఇక ప్రమాణం. నవ్వకుండా వినండి. తూర్పు సముద్రం వైపు తిరిగి, చేతులు కట్టుకుని, పూర్తి స్పృహతో చెబుతున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ సైలెన్సర్‌లో కొబ్బరిపీచు కూరను. పడవకు పూసే నూనె బండికి పూయను. "నీకు తెల్దులే" అనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించి, ఆ తరువాతే అంటాను. ఇది నా మాట. అయితే నిజం మాత్రం నిజమే. పీచులో ఏ లోపమూ లేదు. మందస దాకా ఎంత బాగా పనిచేసిందో మీరే విన్నారు. ఇచ్ఛాపురమే పది మైళ్లు ఇవతల ఉండవలసింది.